తప్పుల లెక్క తేలితేనే టార్గెట్

భిలాయి ఉక్కు కర్మాగారం మొదట పెట్టుకున్న లక్ష్యం ఏడాదికి పది లక్షల టన్నులు. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ పది లక్షల అంకె వెనుక రాజహరా కొండల ఇనుప ఖనిజం ఉంది, నందిని సున్నపురాయి ఉంది, తాండుల కాలువ నీళ్లున్నాయి, ఎన్ని ఫర్నేసులు కడితే ఎంత లోహం దిగుతుందన్న లెక్క ఉంది. తర్వాత 25 లక్షలకు, 40 లక్షలకు పెంచినప్పుడు కూడా ముందు సామర్థ్యం కట్టుకున్నారు, ఆ తర్వాతే అంకె మారింది. అదే ఊళ్లో, ఆ కర్మాగారం జీతాల మీద పెరిగిన కుటుంబాల్లో, పన్నెండో తరగతి చదివే పిల్లల చరిత్ర పరీక్షకు టార్గెట్ పెట్టేటప్పుడు మాత్రం ఈ పద్ధతి కనబడదు. నిరుడు ఢిల్లీలో ఫలానా కాలేజీ కటాఫ్ ఎంత? ఎదురు క్వార్టర్స్ అమ్మాయికి ఎంత వచ్చింది? దానికి ఓ పది కలిపి రాసుకో. ఇదీ జరుగుతున్నది. ఆ అంకెలో ఆ పిల్లకు ఏమి వచ్చో, ఏమి రాదో ఎక్కడా లేదు. చరిత్ర లాంటి పరీక్షకు టార్గెట్ స్కోరు పిల్లల సొంత తప్పుల లెక్కలోంచి రావాలనీ, ఇతరుల కటాఫ్‌ల నుంచి తెచ్చుకున్న టార్గెట్ వాళ్లకు దారి చూపకపోగా పక్కదారి పట్టిస్తుందనీ ఈ కథనం వాదన.

భిలాయికి దేశంలో ఉన్న పేరు రెండు రకాలు. ఒకటి రైలు పట్టాలు, రెండోది ఐఐటీ ర్యాంకులు. సివిక్ సెంటర్ చుట్టూ పెరిగిన కోచింగ్ సెంటర్లు, ఉక్కు కర్మాగారం (బీఎస్పీ) స్కూళ్లలో దశాబ్దాలుగా పాతుకున్న లెక్కల చదువు, 2016లో ఈ ఊరి పేరుతోనే మొదలైన ఐఐటీ, ఇవన్నీ కలిసి చదువంటే జేఈఈ అనే భావాన్ని ఊరంతా పరిచాయి. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ అదే మాట. ఆర్ట్స్ తీసుకున్న పిల్లలకు ఈ ఊళ్లో దొరికేవి జేఈఈ పిల్లల నుంచి ఎరువు తెచ్చుకున్న అలవాట్లే. ర్యాంకు, కటాఫ్, టెస్ట్ సిరీస్, గోడ మీద టార్గెట్ కాగితం, అన్నీ అక్కడివే. ఆ అలవాట్లలో కష్టపడే గుణం మంచిదే. అంకె పెట్టుకునే తీరు మాత్రం చరిత్రకు పనికిరాదు.

పరీక్ష స్వరూపం ముందు చూద్దాం. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ ప్రవేశాలకు 2022 నుంచి సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. భిలాయి పిల్లలకు దగ్గర్లోని బిలాస్‌పూర్ గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయమైనా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ అయిదేళ్ల ఎంఏ అయినా, ఢిల్లీ, బెనారస్ అయినా అదే తలుపు. మొదటి మూడేళ్లూ చరిత్ర పేపర్లో 50 ప్రశ్నలిచ్చి 40 రాయమన్నారు, మొత్తం 200 మార్కులు. 2025లో అది మారింది. 50కి 50 తప్పనిసరి, గంట సమయం, 250 మార్కులు. ఒప్పుకు అయిదు, తప్పుకు ఒకటి కోత. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో నాలుగు పేపర్లు కలిపి చూసే కోర్సుల మొత్తం 800 నుంచి 1000కి పెరిగింది. పాత కటాఫ్‌ను నాలుగో వంతు పెంచితే సరిపోతుందని చాలామంది అనుకున్నారు. అది పొరపాటు. పది ప్రశ్నలు వదిలేసే వీలున్నప్పుడు ఇష్టం లేని రెండు అధ్యాయాలు పక్కన పెట్టినా స్కోరు నిలిచేది. ఇప్పుడు ఆ వీలు పోయింది. ఏ పిల్లకు ఎంత దెబ్బ తగులుతుందన్నది ఆమె వదిలేసిన అధ్యాయాల మీద ఆధారపడుతుంది కాబట్టి, పాత అంకెను ఏ సంఖ్యతో గుణించినా కొత్త అంకె రాదు. పైగా చరిత్ర స్కోరు ఒక్కటే సీటు తేల్చదు. భాష పేపరు, తక్కిన సబ్జెక్టులు కలిసిన మొత్తం తేలుస్తుంది. ఆ మొత్తంలోంచి చరిత్ర వాటాను ఊహించి టార్గెట్‌గా పెట్టడమంటే ఊహ మీద ఊహ కట్టడమే.

ఇంకో మెలిక ఉంది. సీయూఈటీలో ఒకే సబ్జెక్టును వేర్వేరు షిఫ్టుల్లో, వేర్వేరు పేపర్లతో పెట్టవలసి వచ్చినప్పుడు, తేలిక పేపరు వచ్చినవాళ్లకు లాభం, కష్టమైనది వచ్చినవాళ్లకు నష్టం కలగకుండా మార్కులను సర్దుతారు. ఈ పరీక్ష మొదలైన 2022లో యూజీసీ అధ్యక్షుడిగా ఉన్న మన తెలుగు ఆచార్యుడు మామిడాల జగదీశ్ కుమార్ ఈ పద్ధతిని బహిరంగంగా వివరించారు. ఒక షిఫ్టులో మనకంటే తక్కువో, మనతో సమానంగానో వచ్చినవాళ్లు నూటికి ఎంతమంది అన్నదే పర్సంటైల్. ఆ స్థానంలో ఉన్నవాళ్లకు మిగతా షిఫ్టుల్లో ఎన్ని మార్కులు వచ్చాయో చూసి, అన్నింటినీ కలిపి సగటు తీస్తారు. పరీక్ష హాల్లో మనం తెచ్చుకున్న మార్కులు వేరు, చివరికి కార్డు మీద పడే స్కోరు వేరు కావచ్చు. ఆ రెండో అంకె వేలమంది ఇతరుల మీద ఆధారపడింది. పిల్లల చేతిలో ఉన్నది మొదటి అంకె ఒక్కటే. చేతిలో లేనిదాన్ని టార్గెట్‌గా రాసుకుంటే రోజూ పొద్దున లేచి ఏం చదవాలన్న ప్రశ్నకు అది ఏ జవాబూ ఇవ్వదు.

ఇది మన దేశపు చిక్కు మాత్రమే కాదు. అమెరికాలో హైస్కూలు చదివే తెలుగు పిల్లలు చాలామంది ఏపీ యూఎస్ హిస్టరీ అనే ప్రామాణిక పరీక్ష రాస్తారు. బహుళైచ్ఛిక ప్రశ్నలకు 40 శాతం, చిన్న జవాబులకు 20, ఇచ్చిన పత్రాలు చదివి రాసే వ్యాసానికి 25, మరో వ్యాసానికి 15 శాతం విలువ. చివరికి ఒకటి నుంచి అయిదు దాకా ఒక అంకె వస్తుంది. ఎన్ని మార్కులొస్తే ఏ అంకె అని పాత పట్టికలు చూసి టార్గెట్ పెట్టుకోవడం అక్కడా ఉంది. 2023లో ఆ పరీక్షలో మూడు, ఆ పైన తెచ్చుకున్నవాళ్లు నూటికి 48 మంది దాకా ఉన్నారు. 2024లో 72 మంది దాకా అయ్యారు. ఒక్క ఏడాదిలో దేశమంతటా పిల్లలు అంత మెరుగుపడలేదు, ఆ పరీక్ష పెట్టే కాలేజ్ బోర్డు ప్రమాణం నిర్ణయించే పద్ధతి మార్చింది. పాత పట్టిక చూసి తమకు మూడు రాదని నిరాశపడిన పిల్లల బెంగ ఎవరి లెక్కలోకీ రాదు. కొలబద్ద ఎవరి చేతిలో ఉంటుందో వాళ్లు దాన్ని మార్చగలరు. మనకు ఎంత వచ్చో మార్చుకోగలిగేది మనమే.

మరి మాక్ టెస్ట్ స్కోరును నమ్మవచ్చా? ఒక్కదాన్ని నమ్మకూడదు. నూటికి 80 ప్రశ్నలు సరిగ్గా చేయగల స్థాయి ఉన్న అమ్మాయిని తీసుకుందాం. యాభైలో 40 ఒప్పులు, పది తప్పులు, అంటే 200లోంచి పది తీస్తే 190. ఇది ఆమె నిజమైన స్థాయి. కానీ ఒక పేపర్లో పడే యాభై ప్రశ్నలు పుస్తకంలో ఏ మూల నుంచి వస్తాయో ఆమెకు తెలియదు. గణాంకశాస్త్రం లెక్క ప్రకారం ఆమె ఒప్పుల సంఖ్య 40కి ఇటో అటో దాదాపు మూడు ఊగుతుంది. ఒప్పు కావలసింది తప్పైతే రావలసిన అయిదు పోవడమే కాక ఒకటి కోత పడుతుంది, ఆరు మార్కుల తేడా. అంటే ఆమె స్కోరు 17 మార్కులు అటూ ఇటూ ఊగుతుంది. మూడు పరీక్షలు రాస్తే సుమారు రెండింటిలో 173కీ 207కీ మధ్య వస్తుంది, మూడోది ఆ గీతలు కూడా దాటవచ్చు. ఆమె చదువు అంగుళం పెరగలేదు, అంగుళం తగ్గలేదు. అయినా ఒక ఆదివారం 207 వస్తే ఇంట్లో పండుగ, మరుసటి ఆదివారం 175 వస్తే ఫోన్ లాక్కోవడం. ఎంత అన్యాయం! అయిదు పూర్తి పరీక్షల సగటు తీస్తే ఈ ఊగు ఏడెనిమిది మార్కులకు దిగుతుంది. అందుకే మన స్థాయిని అంచనా కట్టేటప్పుడు అయిదారు పరీక్షల సగటు తప్ప మరేదీ లెక్కలోకి తీసుకోకూడదు. ఆ అంచనాను కూడా ఒక్క అంకెగా కాక పై హద్దు, కింది హద్దుగా రాసుకోవాలి.

సగటు తేలాక అసలు పని మొదలవుతుంది. తప్పులను కుప్పలు పోయాలి. చరిత్రలో తప్పులు ముఖ్యంగా మూడు రకాలు. అధ్యాయం చదవకపోవడం వల్ల వచ్చినవి, చదివీ కలగాపులగం కావడం వల్ల వచ్చినవి, ప్రశ్నను సరిగా చూడకపోవడం వల్ల వచ్చినవి. రెండో రకం చరిత్రకు ప్రత్యేకం, అన్నిటికంటే ఎక్కువ మార్కులు తినేదీ అదే. పన్నెండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో కాలిన్ మెకంజీ రెండు చోట్ల కనిపిస్తాడు. అమరావతి స్తూపం శిథిలాలు చూసి బొమ్మలు గీయించినవాడు ఆయనే, 1800లో హంపీని సర్వే చేసినవాడూ ఆయనే. అమరావతి శిల్పాలను మద్రాసుకు తరలించింది వాల్టర్ ఇలియట్. శిల్పాలను ఉన్నచోటే ఉంచాలని వాదించింది హెచ్. హెచ్. కోల్. ఈ ముగ్గురి పేర్లు, మూడు పనులు జతపరచమంటే విడివిడిగా చదివిన పిల్లలు తడబడతారు. అలాగే 1793 శాశ్వత శిస్తు ఒప్పందం, 1813 ఫిఫ్త్ రిపోర్ట్, 1855 సంతాల్ తిరుగుబాటు, 1875 దక్కన్ రైతుల అల్లర్లు. వీటిని కాలక్రమంలో పెట్టమంటే ఒక్క తారీఖు జారినా ఆరు మార్కులు పోయినట్టే. 1857లో ఆరాలో కున్వర్ సింగ్, కాన్పూరులో నానా సాహెబ్, లక్నోలో బిర్జిస్ ఖద్ర్, ఇవీ అంతే. ఇలాంటివాటికి మందు అధ్యాయాన్ని మళ్లీ మొదటి నుంచి చదవడం కాదు, నాలుగైదు పేర్లను పక్కపక్కన పెట్టి తేడా రాసుకోవడం. దానికి పట్టేది ఒక సాయంత్రం. మొదటి రకానికి మందు వేరు, ఒక్కో అధ్యాయానికి నాలుగైదు రోజులు కావాలి. మూడో రకానికి చదువుతో పని లేదు. ‘కానిది ఏది’ అన్న మాట కింద గీత గీసే అలవాటు చాలు.

ఇప్పుడు టార్గెట్ దానంతట అదే బయటపడుతుంది. ఉదాహరణకు ఒక అబ్బాయి సగటున యాభైలో 36 ఒప్పులు చేస్తున్నాడనుకుందాం. 180లోంచి 14 తీస్తే 166. ఆ పద్నాలుగు తప్పుల్లో అయిదు చూపు తప్పినవి, ఆరు కలగాపులగమైనవి, మూడు చదవని అధ్యాయంవి అని తేలింది. రెండు నెలల సమయం ఉంటే చూపు తప్పినవాటిలో నాలుగు, కలగాపులగమైనవాటిలో మూడు సరిదిద్దుకోవడం అతని చేతిలో పని. ఒప్పులు 43 అవుతాయి, స్కోరు 208. సగమే సాధించినా ఒప్పులు 39 దాకా వస్తాయి, 184. అతని టార్గెట్ 184 నుంచి 208. ఈ అంకెలో ప్రతి మార్కు వెనుకా ఒక ప్రశ్న, ఒక పేజీ, ఒక సాయంత్రం ఉన్నాయి. ఊరికే 230 అని గోడ మీద రాసుకున్నవాడికి లేనిది ఇదే. చదవని మూడు ప్రశ్నల అధ్యాయాన్ని ఎత్తుకోవాలా వద్దా అన్న నిర్ణయం కూడా దీనివల్లే సులువవుతుంది. సమయం మిగిలితే ఎత్తుకోవాలి. లేకుంటే ముందు ఆరు కలగాపులగాలు విప్పాలి.

ఊరంతా పాకిన మరో సలహాను కూడా లెక్క పెట్టి చూడాలి. తెలియకపోతే వదిలేయ్, నెగటివ్ మార్కులున్నాయి, అంటారు. సీయూఈటీలో నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా ఒకటి పెడితే నాలుగు సార్లలో ఒకసారి అయిదు వస్తాయి, మూడుసార్లు ఒక్కొక్కటి పోతాయి. నాలుగు ప్రశ్నలకు రెండు మార్కులు మిగులు. ఒక ఆప్షన్ కచ్చితంగా తప్పని తెలిస్తే ప్రశ్నకు సగటున ఒక మార్కు మిగులు, రెండు తెలిస్తే రెండు. ఈ పరీక్షలో ఖాళీ వదలడం సగటున నష్టమే. ఇదే పిల్ల డిగ్రీ అయ్యాక ఛత్తీస్‌గఢ్ పీఎస్సీ ప్రిలిమ్స్ రాస్తే లెక్క మారిపోతుంది. అక్కడ ఒప్పుకు రెండు, తప్పుకు మూడో వంతు కోత కాబట్టి గుడ్డి ఊహకు సగటు సున్నా. ఆప్షన్ తీసేయగలిగితేనే లాభం. అమెరికా ఏపీ పరీక్షలో 2011 నుంచి తప్పుకు కోతే లేదు. నియమాన్ని బట్టి నడక. ఇది పిల్లలకు జూదం నేర్పడం కాదా అని అడిగేవాళ్లుంటారు. పది ప్రశ్నలు గుడ్డిగా పెడితే సగటున అయిదు మార్కులు వస్తాయి నిజమే, దురదృష్టం పూర్తిగా వెంటాడితే పది పోతాయి. అందుకే ఊహ మార్కులను టార్గెట్‌లో కలపకూడదు. చివరి అయిదు నిమిషాల్లో ఖాళీలు నింపడానికి మాత్రమే ఆ లెక్క.

కటాఫ్ చూడకపోతే ఎక్కడ నిలబడ్డామో ఎలా తెలుస్తుందన్నది న్యాయమైన ప్రశ్న. కటాఫ్‌కూ ఒక చోటుంది. పరీక్ష అయ్యాక కాలేజీల ప్రాధాన్య క్రమం నింపేటప్పుడు గత రెండు మూడేళ్ల ధోరణి చూడాలి. అప్పుడు కూడా కింది హద్దును మనసులో పెట్టుకుని కొన్ని కచ్చితమైన కాలేజీలు, పై హద్దును పెట్టుకుని కొన్ని ఆశ పడదగ్గవి రాయాలి. పరీక్షకు ముందు మాత్రం కటాఫ్ చేసే పని భయపెట్టడం, లేదా మభ్యపెట్టడం. తక్కువ టార్గెట్ పెడితే పిల్లలు బద్ధకిస్తారని తల్లిదండ్రుల బెంగ. పైన చెప్పిన అబ్బాయి 184కి ఎదగడానికే వారానికో కుప్ప విప్పాలి. చేరలేని అంకెను చూసి మొదటి నెలలోనే చేతులెత్తేసిన పిల్లల కంటే చేరగలిగే అంకె వెంట పడ్డ పిల్లలు ఎక్కువ దూరం పోతారు. అక్కడికి చేరాక అయిదు పరీక్షలు మళ్లీ రాసి హద్దులు జరపవచ్చు, ఎవరు వద్దన్నారు?

దీనికంటే బరువైన అభ్యంతరం చరిత్రను ప్రేమించేవాళ్లది. గతాన్ని మార్కుల లెక్కగా మారిస్తే చరిత్ర చచ్చిపోతుందంటారు. వాళ్ల బాధ నిజం. నాలుగు ఆప్షన్ల పరీక్ష వాదన కట్టడాన్ని కొలవలేదు. ఆ కొలత కొంతవరకు సీబీఎస్‌ఈ బోర్డు పేపర్లో ఉంది. 80 మార్కుల్లో ఒక్కో మార్కు ప్రశ్నలు 21, మూడు ఆధార భాగాలకు 12, మూడు పెద్ద వ్యాసాలకు 24. వందలో మిగతా 20 ప్రాజెక్టువి. కానీ తప్పుల కుప్పలను ఓపికగా విప్పిన పిల్లలు చేరేది మళ్లీ చరిత్ర దగ్గరికే. మెకంజీ, ఇలియట్, కోల్ పేర్లు ఎందుకు కలిసిపోతున్నాయో వెతికితే, సాంచి నిలిచి అమరావతి ఎందుకు చెదిరిపోయిందన్న పెద్ద ప్రశ్న ఎదురవుతుంది. ఆముక్తమాల్యదలో రేవుల గురించి, వర్తకుల గురించి కృష్ణదేవరాయలు చెప్పిన భాగాన్ని పాఠ్యపుస్తకం ఆధారంగా ఇచ్చింది. దాన్ని సరిగా చదివిన పిల్ల ఆ భాగం మీద వచ్చే ఏ ప్రశ్నకైనా నిలబడుతుంది. రాజ్యాంగ సభలో ఎన్.జి. రంగా నిజమైన మైనారిటీలు ఈ దేశపు బీద జనమేనని ఎందుకన్నారో అర్థమైతే ఆ పేరు ఇక జన్మలో తప్పు పోదు. బట్టీ పట్టినవాళ్లకు ఈ పరీక్షలో ఒక గీత దాకానే వస్తాయి, ఆ పైన మార్కులు అర్థం చేసుకున్నవాళ్లవి. తప్పుల లెక్క ఆ గీత ఎక్కడుందో చూపిస్తుంది.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. కుదింపులో భాగంగా ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం నుంచి మొఘల్ దర్బారుల అధ్యాయం పోయింది. పుస్తకంలో లేనిది పరీక్షలో ఉండదని అనుకోకుండా ఆ ఏటి సిలబస్ పత్రాన్ని పక్కన పెట్టుకుని అధ్యాయాలు సరిచూసుకోవాలి. రెండోది మీడియం. సీయూఈటీ తెలుగుతో కలిపి 13 భాషల్లో రాయవచ్చు. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో హిందీలోనో ఇంగ్లిషులోనో చదివిన భిలాయి పిల్లలు పాఠం ఏ భాషలో చదివారో ఆ భాషలోనే పరీక్ష రాయాలి. అభిమానంతో తెలుగు ఎంచుకుంటే ఎన్నడూ చూడని పదాల ముందు నిమిషాలు కరిగిపోతాయి. తెలుగును నిలబెట్టుకోవడానికి సెక్టార్ 5 బాలాజీ గుడి నుంచి ఇంటి భోజనం దాకా వేరే చోట్లున్నాయి.

ఈ లెక్కకు డబ్బు ఖర్చు లేదు. సీయూఈటీ నిర్వహించే ఎన్‌టీఏ పాత పేపర్లు ఉచితంగా దొరుకుతాయి, కావలసింది అయిదు ఆదివారాలు, ఒక నోటు పుస్తకం. భిలాయి బడులు జేఈఈ పిల్లలకు పెడుతున్న శ్రద్ధలో పదో వంతు చరిత్ర చదివే పిల్లలకు పెట్టాలి. నెలకో పూర్తి పరీక్ష పెట్టి, మార్కుతో పాటు తప్పుల కుప్పలు కూడా రాసి ఇంటికి పంపాలి. అమ్మానాన్నలకు ఒక్క మనవి. వచ్చే ఆదివారం మీ పిల్లలు మాక్ టెస్ట్ రాసి వచ్చాక ఎంత వచ్చిందని అడక్కండి. తప్పు పోయినవి ఏవి, ఎందుకు పోయాయి అని అడిగి, వాళ్లు చెప్పేదాకా పక్కన కూర్చోండి.